మా ఈశ్వరి చెయ్యి కొలిచిన ఏళ్ళు

కాన్పయి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మరుసటి రోజు, మా అత్త పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. నేను గడపకు ఆనుకుని కూర్చుని చూస్తున్నాను. మొదటి చెంబు పడగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. రెండు కాళ్ళూ తన్నింది, ఎడమచెయ్యి గాల్లోకి విసిరింది. కుడిచెయ్యి మాత్రం పక్కన అలాగే పడి ఉంది, అరచెయ్యి వెనక్కి తిరిగి. రెండో చెంబుకూ అంతే. అత్త ఆ చెయ్యిని పైకెత్తి వదిలింది. అది జారి కింద పడింది.

"ఏమే, ఈ చెయ్యి ఆడిస్తా లేదే బిడ్డ," అంది.

మా అత్త మామూలుగా మాట్లాడితే నాలుగిళ్ళకు వినబడుతుంది. ఆ మాట నాకే సరిగా వినబడలేదు. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. డెబ్బైల మధ్యలో పుట్టింది మా ఈశ్వరి, మాకు ఒక్కతే కూతురు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, రాతలో తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఇలాంటి చెయ్యి ఉన్న పిల్లల తల్లులు ఇంకా చాలామంది ఉంటారు. నేను చేసిన పొరపాటు వాళ్ళు చేయకూడదని రాస్తున్నాను.

బిడ్డ బాగా బరువు. తల బయటికొచ్చాక భుజం లోపల ఇరుక్కుపోయింది. అక్కడున్న వాళ్ళు కంగారుగా లాగారు. చాలా రోజులు వాళ్ళను మనసులో తిట్టుకున్నాను. అప్పుడు లాగకపోతే బిడ్డే దక్కేది కాదని తర్వాత ఒక డాక్టరు చెప్పాక తిట్టడం తగ్గించాను, పూర్తిగా మానలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు తలా ఒక కారణం చెప్పారు. గ్రహణం రోజు నేను కూరగాయలు తరిగానట. నిండు నెలల్లో కుడివైపు తిరిగి పడుకున్నానట. కారణాలు ఎన్ని ఉన్నా అన్నీ నా దగ్గరే మొదలయ్యేవి.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు పాప వేళ్ళు నొక్కి చూశారు, మెడ తిప్పి చూశారు. "బ్రేకియల్ ప్లెక్సస్ ఇంజురీ. ఎర్బ్స్ పాల్సీ అంటారమ్మా. మెడ నుంచి చేతికి పోయే నర్వ్స్ సాగినాయి. ఉత్తగా సాగినాయా, తెగినాయా అనేది ఇప్పుడే చెప్పలేం. చానామందికి వాటంతటవే బాగవుతాయి. ఎక్సర్‌సైజ్ మానొద్దండి," అన్నారు. భుజం బిగుసుకోకుండా రోజుకు నాలుగుసార్లు చెయ్యి పైకి, పక్కకు, బయటికి తిప్పాలని చూపించారు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చేయిస్తే ఇంకా మంచిదన్నారు. ఆ ఎండాకాలం మా వీధికి కుళాయి నీళ్ళు రెండు రోజులకొకసారి వచ్చేవి, అదీ ఇంటికి నాలుగు బిందెలు. బయటికొచ్చాక మా ఇంటాయన, "తొట్టి నిండా నీళ్ళంట. ఆ సారు ఏ ఊరోడో," అన్నాడు. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

మూడో నెలలో వేళ్ళు ముడిచింది. ఏడో నెలలో మోచెయ్యి కొంచెం వంచింది. భుజం మాత్రం కదల్లేదు. ఏడాదిన్నర నిండేసరికి మేం ముగ్గురు డాక్టర్ల దగ్గర తిరిగాం. ఒక్క నెలలోనే ముగ్గురూ చూశారు, మూడు చీటీలు ఇచ్చారు. ఒకాయన "గుడ్ రికవరీ" అని రాశారు. ఇంకొకాయన "ఫెయిర్" అని రాశారు. మూడో ఆయన "నో చేంజ్" అని రాసి, కింద గీత కూడా కొట్టారు.

ఆ మూడు చీటీలూ మగ్గం మీద పరిచి మా ఇంటాయన చాలాసేపు చూశాడు. "ఒకే బిడ్డ, ఒకే చెయ్యి. మూడు మాటలేందప్పా ఇవి? ఏది నమ్మాల మనం?"

అప్పుడు నాకు తెలియలేదు, ఇప్పుడు చెబుతాను. గుడ్ అని రాసినాయన పాప చేతిలో పెన్ను పెట్టి పట్టుకుంటుందా లేదా అని చూశారు. ఫెయిర్ అన్నాయన పడుకోబెట్టి చెయ్యి పైకి జరుపుతుందా అని చూశారు. పడుకున్నప్పుడు చేతి బరువు తక్కువ, కొంత జరిపింది. మూడో ఆయన కూర్చోబెట్టి, ఒక బిస్కెట్ పైన పట్టుకుని అందుకోమన్నారు. పాప అందుకోలేదు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం రాయలేదు. ముగ్గురూ మూడు వేరువేరు సంగతులు చూసి, ఒకే చెయ్యి గురించి ఒక్కొక్క మాట రాశారు.

డాక్టర్ల మాటలు నమ్మి లాభం లేదు, నేనే కొలుస్తాను అనుకున్నాను. నా పంతం అలాంటిది. అమావాస్య నాడు మా ఇళ్ళలో మగ్గం దిగి సెలవు తీసుకుంటాం. ప్రతి అమావాస్యకూ పాపను మగ్గం పక్క గోడకు నిలబెట్టి, "కుడిచెయ్యి ఎంత పైకి పోతాదో పోనీ" అనేదాన్ని. వేలు తగిలిన చోట బొగ్గుతో గీత గీసేదాన్ని. రెండేళ్ళప్పుడు మొదలుపెట్టాను. గీత నెలనెలా కాకపోయినా, మూడు నెలలకొకసారి తప్పకుండా పైకి పోయింది. ఏడాదికి నా జానెడు కంటే కాస్త తక్కువ పెరిగింది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించేదాన్ని. చీర అంచు బాగా పడినప్పుడు కూడా నాకు అంత గర్వం రాలేదు.

గీత పెరుగుతోంది కదా అని ఎక్సర్‌సైజ్ రోజుకు నాలుగుసార్లు కాస్తా ఒకసారికి వచ్చింది, తర్వాత గుర్తొచ్చినప్పుడు చేయించేదాన్ని. ఆసుపత్రికి పోవడం మానేశాం. మా ఇంటాయన ఒకటి రెండుసార్లు అడిగాడు. "గోడ చూడు, అదే చెప్తాంది," అన్నాను. ఇలా రెండున్నరేళ్ళు గడిచాయి.

ఒక ఉగాదికి అత్త పాపకు కొత్త జాకెట్టు తొడుగుతోంది. కుడిచెయ్యి బయటికి తిరగలేదు. గట్టిగా లాగితే పాప అరిచింది, చంక దగ్గర కుట్టు తెగింది.

"గీత పెరిగిండాది, గీత పెరిగిండాది అంటావు కదనే. జాకెట్టు తొడిగేకి చెయ్యి తిరగదేమే?" అంది అత్త.

నాకు ఒళ్ళు మండింది. పండగపూట పిల్లను ఏడిపించిందని అత్తను నానా మాటలన్నాను. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు మా ఇంటాయన చీరలు తీసుకుని బెంగళూరు పోతుంటే, నేనూ పాపను ఎత్తుకుని బయల్దేరాను. అత్త మాట తప్పని అక్కడి పెద్ద డాక్టరు చేత చెప్పించుకొస్తాననుకున్నాను.

బెంగళూరు ఆసుపత్రిలో మమ్మల్ని మొదట ఫిజియోథెరపీ గదికి పంపించారు. అక్కడున్న శాంతమ్మగారు కోలారు వైపు మనిషి, ఇంట్లో తెలుగే. నేను గోడ మీది గీతల సంగతి గొప్పగా చెప్పాను. ఆమె నవ్వలేదు. "మంచి పని చేసినావమ్మా, రాసి పెట్టుకునేవాళ్ళే తక్కువ. ఎడమచేతికి కూడా గీసినావా?" అని అడిగారు.

"ఆ చెయ్యి బాగనే ఉండాది కదా మేడమ్, దానికెందుకు?"

ఆమె పాపను గోడకు నిలబెట్టి తల మీద స్కేలు పెట్టి ఎత్తు చూశారు. తర్వాత ఒక చేత్తో పాప నడుము వంగకుండా పట్టుకున్నారు, ఇంకో చేత్తో భుజం వెనకున్న బల్ల ఎముకను అదిమి పట్టుకున్నారు. "ఇప్పుడు ఎత్తు తల్లీ," అన్నారు.

చెయ్యి ఛాతీ దాకా కూడా రాలేదు.

"చూడమ్మా," అన్నారు శాంతమ్మగారు మెల్లగా. "పాప ఏటేటా ఎత్తు పెరిగింది. పాపతో పాటే నీ గీతా పెరిగింది. దానికి తోడు ఆ పక్కకు వంగి, భుజం ఎగేసి అందుకుంటాంది. చెయ్యి రెండేళ్ళ కింద యాడున్నిందో ఆడనే ఉండాది. భుజం బిగుసుకుంది."

మా వృత్తిలో మూరతో కొలిచి చీర అమ్మేవాడిని ఎవరూ నమ్మరు. నా మూర వేరు, మా ఇంటాయన మూర వేరు. అందుకే మా ఇంట్లో కొలిచేందుకు ఒకటే కట్టె ఉంటుంది, దాన్ని పిల్లలు ఆటకు తీసుకుంటే దెబ్బలు తప్పవు. చీర విషయంలో అంత తెలివి ఉన్నదాన్ని, నా బిడ్డను పెరిగే కొలతతో కొలిచాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపమే. ఊరికి రాగానే అత్త కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. "సరేలే, ముందు ఆ గోడకు సున్నం కొట్టు," అంది.

బెంగళూరులో ఆ రోజు శాంతమ్మగారి తర్వాత చూసిన పెద్ద డాక్టరు కన్నడంలో మాట్లాడేవారు. ధర్మవరంలో కన్నడం తెలియని ఇల్లు లేదు, మాకేమీ ఇబ్బంది కాలేదు. భుజం లోపలివైపు లాగే కండరాలు గట్టిపడ్డాయని, దాన్ని కాంట్రాక్చర్ అంటారని చెప్పారు. గట్టిపడ్డ చోట వదులు చేసి, వెనకవైపు బలంగా ఉన్న కండరాన్ని చెయ్యి బయటికి తిప్పేలా మార్చి కుట్టే ఆపరేషన్ ఉంది. టెండన్ ట్రాన్స్‌ఫర్ అన్నారు. "చెయ్యి పూర్తిగా మామూలు చెయ్యి అయిపోదు. మేలవుతుంది. ఎంత మేలవుతుందో ముందే చెప్పలేను," అన్నారు. నేను మూడు చీటీలు తీసి ఆయన ముందు పెట్టాను, వీటిలో ఏది నిజమని అడిగాను.

ఆయన మూడూ చదివి పక్కన పెట్టారు. "మూడూ నిజమే అయ్యుంటాయి. వాళ్ళు దేన్ని చూసి రాశారో ఇందులో లేదు. అందుకే నాకు పనికి రావు. మా వాళ్ళలోనూ ఇదే రోగమమ్మా. వేరే ఊళ్ళో ఇదే ఆపరేషన్ చేసినాయన గుడ్ అని రాస్తాడు, నేనూ గుడ్ అని రాస్తాను. ఆయన గుడ్, నా గుడ్ ఒకటో కాదో ఎవరికీ తెలియదు. ఎవరి పద్ధతి పిల్లలకు మేలు చేస్తోందో ఎట్లా తేల్చేది?" అన్నారు.

ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. అందులో ఐదు పనులు. చెయ్యి పక్కకు ఎత్తడం, అరచెయ్యి బయటికి తిప్పడం, మెడ వెనక పెట్టడం, నోటికి అందించడం, నడుము వెనక్కి పెట్టడం. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఎన్నిసార్లు చూసినా పాప నిలబడే తీరు అదే, అడిగే మాట అదే, వీలైనంత వరకు చూసే మనిషి కూడా శాంతమ్మగారే. ఆ రోజు మా ఈశ్వరికి వచ్చినవి పన్నెండు. నడుము వెనక్కి పెట్టడంలో నాలుగు, మిగతా నాలుగు పనుల్లో రెండేసి.

ఆపరేషన్ అయ్యాక చెయ్యి పక్కకు ఎత్తి పెట్టి, ఛాతీ నుంచి మణికట్టు దాకా సిమెంటు కట్టు వేశారు. ఆరు వారాలు. ఆ కట్టుతో రైల్లో తిరిగొస్తుంటే ఎదుటి సీటు పెద్దాయన, "ఏం పాపా, రైలు నిలిపేకి చెయ్యి చాపినావా?" అని అడిగాడు. ఈశ్వరి కూడా నవ్వింది. ఇంట్లో మాత్రం అంత నవ్వులాట కాదు. మా ఊరి ఎండలో కట్టు కింద చెమట, దురద. అత్త పగలంతా విసనకర్రతో విసిరేది.

కట్టు విప్పాక ఆరు నెలలు ఎక్సర్‌సైజ్ ఒక్క పూట కూడా తప్పించలేదు. బెంగళూరులో మళ్ళీ కొలిచారు. ఎత్తడం నాలుగు, తిప్పడం నాలుగు, మెడకు నాలుగు, నోటికి నాలుగు. నడుము వెనక్కి మాత్రం రెండు. మొత్తం పద్ధెనిమిది. డాక్టరు "ఎక్సలెంట్ రిజల్ట్" అన్నారు. ఈసారి ఆ మాట దేన్ని చూసి అన్నారో నాకు తెలుసు. స్వీట్లు కొనుక్కుని రైలెక్కాం.

అప్పటికి ఈశ్వరి ఒకటో తరగతి. ఆ తర్వాతి ఎండాకాలంలో పాపకు జ్వరం పట్టుకుంది, ఒంటికి పోయేటప్పుడు మంటని ఏడ్చేది. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు మా ఊరి డాక్టరు. "నీళ్ళు సరిగా తాగుతోందా?" అని అడిగారు. ఇంట్లో బాగానే తాగుతోంది. బడికి పోయి టీచరును అడిగితే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టదని చెప్పింది.

ఇంటికొచ్చి పాపను పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఏమే ఈశ్వరీ, బడిలో నీళ్ళెందుకు తాగవు?"

లంగా బొందు ఎడమచేతి వేలికి చుట్టుకుంది. తర్వాత, "తాగితే ఒంటికి వస్తాది కదమ్మా. లంగా బొందు కట్టుకునేకి రాదు. ఈ చెయ్యి పొట్టకాడికి రాదు," అంది.

"టీచరమ్మను అడగకూడదా?"

"అందరూ చూస్తారు." కుడిచెయ్యి వంక చూసుకుని, "ఆపరేషన్‌కు ముందరి చెయ్యే బాగుండె. దాంతో కట్టుకుంటాంటి," అంది.

ఆ మాటతో నా ప్రాణం ఉసూరుమంది. చెయ్యి బయటికి తిరగాలని మేమంతా కోరుకున్నాం. తిరిగింది. తిరిగిన చెయ్యి లోపలికి రావడం తగ్గింది. లోపలికి తిరిగితేనే చెయ్యి పొట్ట మీదికైనా, నడుము వెనక్కైనా పోతుంది. నడుము వెనకది నాలుగు నుంచి రెండుకు దిగడం నేను కాగితం మీద చూశాను. ఐదింట్లో ఒకటే కదా పోయింది అనుకున్నాను. ఆరేళ్ళ పిల్లకు బడిలో ఆ ఒక్కటే రోజూ కావలసింది.

మళ్ళీ బెంగళూరు పోయి శాంతమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వెంటనే డాక్టరును పిలుచుకొచ్చారు. ఆయన నా మీద విసుక్కుంటారేమో, అంత ఆపరేషన్ చేస్తే లంగా బొందు గురించి మాట్లాడుతుందేమిటి అంటారేమో అని భయపడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని పాప ఎదురుగా కూర్చున్నారు.

"పద్ధెనిమిది వచ్చిందని నేను సంతోషపడ్డాను తల్లీ. నువ్వు బడిలో నీళ్ళు మానేశావని రాసేందుకు నా కాగితంలో గడి లేదు," అన్నారు. ఆ రోజే ఆ కాగితం పైన ఒక గీత కొట్టి, 'ఈ చేత్తో నీకేం చేసుకోవాలని ఉంది?' అని రాయించారు. పాప చెప్పింది చెప్పినట్టే రాయాలి, డాక్టరు మాటల్లో కాదు, తల్లి మాటల్లో కాదు. మొదటి జవాబు, "లంగా బొందు ఎవరూ కట్టకుండా కట్టుకోవాల." శాంతమ్మగారు అలాగే రాసుకున్నారు. అప్పట్నుంచి వచ్చిన పిల్లలందరినీ అదే అడుగుతున్నారట.

చెయ్యి లోపలికి తెచ్చే ఎక్సర్‌సైజ్‌లు వేరేగా నేర్పించారు. అవి అయ్యేదాకా ఎలాస్టిక్ వేసి కుట్టమని సలహా ఇచ్చారు. "లంగాకు ఎలాస్టిక్ యాడైనా ఉండాదా?" అని అత్త మూతి తిప్పింది, ఆ సాయంత్రానికి మూడు లంగాలు కుట్టి పెట్టింది. ఎనిమిది నెలలకు వేళ్ళు పొట్ట మీదికి వచ్చాయి. బొందు ముడి వేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ ముడి వదులుగా ఉండి బడి నుంచి వచ్చేలోపే జారేది. అయినా పాప మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.

ఇప్పుడు ఈశ్వరికి పన్నెండేళ్ళు. కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే పొట్టి, సన్నం. పలక మీద ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది, ఇప్పుడు రెండు చేతులతోనూ రాస్తుంది. తల పక్కకు వంచి జడ వేసుకుంటుంది. వీపు రుద్దుకోలేదు. మగ్గానికి దారం కండెలు చుడతావా అంటే చెయ్యి నొప్పి అంటుంది, సినిమా పత్రిక గంటసేపు పట్టుకున్నా నొప్పి రాదు.

ఇలాంటి పిల్లల తల్లులకు నేను చెప్పేది ఒకటే. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. నెలకొక రోజు, అదే చోట నిలబెట్టి, అవే పనులు, బాగున్న చెయ్యి పక్కన పెట్టి చూసి రాయండి. ఎవరు ఏ మాట చెప్పినా దేన్ని చూసి చెప్పారో అడిగి, అది కూడా రాయండి. అన్నిటికంటే ముందు బిడ్డను అడగండి. మాటలు వచ్చిన నాటి నుంచే అడగండి. నేను పాపకు ఆరేళ్ళు వచ్చాక గానీ అడగలేదు.

మా పుస్తకంలో ఏడాదిగా అంకెలు మారడం లేదు. పోయిన నెల అనంతపురంలో ఒక కొత్త డాక్టరు చూసి "నో చేంజ్" అని రాశారు. దేన్ని చూసి రాశారని అడిగాను. చెప్పారు, రాసుకున్నాను. ఆయన రాసింది నిజమే. మా పుస్తకంలో చెయ్యి గురించి పాప జవాబు రాసే గడి కూడా ఉంది, అది ఇప్పుడు పాపే నింపుతుంది, నేను చెప్పినా వినదు. ఇంటికొచ్చాక పుస్తకం తీసి ఆ నెల గడిలో ఇలా రాసుకుంది:

"అనంతపురం బస్సులో సీటు దొరకలే. ఎడమచేతిలో సంచి ఉన్నింది. కుడిచేత్తో కమ్మీ పట్టుకొని ఊరి దాకా నిలబడినా. అమ్మ ముందర కూర్చోనుండె, చూడలేదు."